షుగర్ ఉందని అబద్ధం ఆడక్కర్లేదమ్మా

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది అనకాపల్లి. నాకు 36 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది పుట్టినప్పుడు ఎక్కిన బరువు ఆరేళ్లయినా దిగలేదు. రాత్రి అన్నం మానేశాను, ఏడాది పాటు వాకింగ్ చేశాను. నాలుగు కిలోలు తగ్గి ఐదు పెరిగాను. షుగర్ లేదు, హెచ్‌బీఏ1సీ 5.5 వచ్చింది. థైరాయిడ్‌కి రోజూ మాత్ర వేసుకుంటాను. ఈమధ్య బీపీ 140/90 దగ్గర చూపిస్తోంది. మా జిమ్ ట్రైనర్ బరువు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ తనే వేస్తానంటున్నాడు, బిల్లు మాత్రం ఉండదట. తెలిసిన మెడికల్ షాపు అబ్బాయి "ఎవరిచేతైనా షుగర్ ఉందని రాయించుకు రండి మేడం, ఇచ్చేస్తాను" అంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు తను వాడే ఇలాంటి ఇంజెక్షన్ పెన్నులు రెండు పంపిస్తానంటోంది. షుగర్ లేని నేను ఈ మందు వాడితే నేరమా? ఎక్కణ్ణించి తెచ్చుకుంటే మంచిది? మావారికి ఇంకా చెప్పలేదు. – ఎస్., అనకాపల్లి

జవాబు: అమ్మా, మీకు మందు ఇస్తామని ముగ్గురు ముందుకొచ్చారు. ఆ ముగ్గురిలో ఒక్కరైనా మీ బీపీ చూశారా? మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా అని అడిగారా? నాకు మీ ఉత్తరంలో కంగారనిపించింది అదొక్కటే. మీరు బరువు తగ్గాలనుకోవడం, దానికి మందు కావాలనుకోవడం తప్పేమీ కాదు.

ముందు మీరు అడిగినదానికి సూటిగా చెప్తాను. నేరం కాదు. అబద్ధం అసలే అక్కర్లేదు. ఈ మందులు షుగర్ వాళ్లకే అన్నది పాత మాట. మౌంజారో పేరుతో వచ్చే టిర్జెపటైడ్ 2025 మార్చిలో, వెగోవీ పేరుతో వచ్చే సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. రెండింటికీ ఊబకాయం చికిత్సకు అనుమతి ఉంది. షరతు ఏమిటంటే బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువుని చూసే అంకె, 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. లేదా 27 దాటి, దాంతో పాటు బీపీ, కొలెస్ట్రాల్, నిద్రలో ఊపిరి ఆగడం లాంటి జబ్బు ఒకటైనా ఉండాలి. మీ లెక్క నేనే వేశాను. 84ని 1.58తో రెండుసార్లు భాగిస్తే 33.6 వస్తుంది. అంటే మీరు ముందు గుమ్మంలోంచే దర్జాగా లోపలికి వెళ్లగలరు. దొడ్డిదారి చూపిస్తున్న షాపు అబ్బాయికి ఆ సంగతి తెలియదు, అంతే.

ఈ గందరగోళం అంతా పేర్ల వల్ల వచ్చింది. ఒజెంపిక్, వెగోవీ రెండింటిలోనూ ఉన్నది సెమాగ్లూటైడే. మొదటి పెట్టె మీద షుగర్ అని, రెండో పెట్టె మీద బరువు అని రాసి ఉంటుంది. జనం నోట పడింది మాత్రం ఒజెంపిక్. అందుకే అందరూ షాపుకెళ్లి అదే అడుగుతారు. షాపువాడేమో అది షుగర్ మందు కదా అని షుగర్ చీటీ అడుగుతాడు. మీకు కావలసింది పక్క పెట్టె.

ఇక షుగర్ ఉందని రాయించుకుంటే ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇదేదో చిన్న విషయం అనుకుంటారు. లేని జబ్బు ఉన్నట్టు రాసిచ్చిన డాక్టరు తన రిజిస్ట్రేషన్‌నే పణంగా పెడుతున్నట్టు. వైద్యుల నడవడికపై 2002 నిబంధనల్లో తప్పుడు సర్టిఫికెట్ ఇవ్వడం దుష్ప్రవర్తన కిందే ఉంది. అలా సులువుగా రాసిచ్చే మనిషి రేపు మీకు వాంతులు పట్టుకుంటే ఫోన్ ఎత్తుతాడని నేను అనుకోను. ఆ కాగితం మీ ఫైల్లో ఉండిపోతుంది. రేపు హెల్త్ పాలసీ తీసుకోబోతే షుగర్ ఉందా అన్న గడి దగ్గర ఏం రాస్తారు? ఉందంటే ప్రీమియం పెరుగుతుంది. లేదంటే ఆ పాత చీటీ అడ్డం వస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఎప్పుడైనా స్పృహ లేకుండా ఆస్పత్రిలో చేరితే అక్కడి వాళ్లు మీ ఫైలు చూసి షుగర్ పేషెంటు అనే లెక్కలోనే వైద్యం మొదలుపెడతారు.

జిమ్ ట్రైనర్ సంగతికి వస్తాను. ఇందులో నాకు స్వానుభవం ఉంది. పోయిన ఏడాది ఒక కుర్రాణ్ణి రెండు రోజుల వాంతులతో మా దగ్గరికి తీసుకొచ్చారు. నాలుక ఎండిపోయి ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. ఏం వాడావురా అంటే చెప్పడు. వాళ్లమ్మ చేతిసంచిలోంచి పాలిథిన్ కవరు తీసింది. అందులో ఈ మందు సీసా ఒకటి, రెండు ఇన్సులిన్ సిరంజీలు. ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి నారింజ మూత. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్ల సిరంజి, నారింజది 100 యూనిట్లది. అర మిల్లీలీటరు తీస్తే ఒకదాని మీద 20 గీత దగ్గర ఆగుతుంది, ఇంకోదాని మీద 50 దగ్గర. అబ్బాయికి చెప్పిందేమో "20 లాగు" అని. ఏ సిరంజితో అన్నది చెప్పలేదు. దాంతో మొదటి వారం ఎర్ర మూతదానితో, రెండో వారం నారింజదానితో తీసుకున్నాడు. రెండో వారం తక్కువే పడింది కదా అని మూడో వారం మొత్తం సీసా లాగేశాడు. పైగా అది మొదటి నెల వాడాల్సిన మోతాదు సీసా కాదు, దానికి రెండింతలది. ఆ సీసాను ఒక్కసారికే తయారుచేస్తారు. మూత పొడిచాక ఇద్దరు పంచుకోవడానికీ, వారం తరవాత మళ్లీ తీయడానికీ కాదు. కుర్రాడు రెండు రోజులు సెలైన్ ఎక్కించుకుని ఇంటికి వెళ్లాడు. అదృష్టవంతుడు.

లైసెన్సు లేకుండా మందులు అమ్మితే డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం మూడేళ్లకు తగ్గని జైలు. అది ట్రైనర్‌కి పడే శిక్ష, మీకు కాదు. కానీ బిల్లు లేని మందు నకిలీదని తేలితే మీరు ఎవరి మీద, ఏ కాగితంతో ఫిర్యాదు చేస్తారు? నకిలీలు ఊహ కూడా కాదు. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో దొరికిన నకిలీ ఒజెంపిక్ గురించి 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థే హెచ్చరిక ఇచ్చింది. అంత కట్టుదిట్టమైన చోట్లే దూరిందంటే, జిమ్ లాకర్లోకి దూరడం ఎంతసేపు?

మీ ఆడపడుచు ప్రేమ కాదనను. కానీ ఆ పెన్నులు ఆవిడ పేరున, ఆవిడ ఒంటికి రాసినవి. ఆవిడ ఇప్పుడు ఏ మోతాదులో ఉందో చూడండి. ఏడాదిగా వాడుతుంటే పెద్ద మోతాదుకి వచ్చి ఉంటుంది. మీరు దాంతో మొదలుపెడితే పై కుర్రాడి కథే. వాడుతున్న పెన్ను అయితే సూది మార్చినా సరే, ఇంకొకరు వాడకూడదు. ఇక ప్రయాణం. ఈ మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట 30 డిగ్రీలు దాటకుండా ఉంటే కొన్ని వారాలు ఆగుతుంది. డల్లాస్ నుంచి విశాఖ దాకా సూట్‌కేసు ఎక్కడెక్కడ ఎండలో నిలబడిందో ఎవరికి తెలుసు? వేడికి చెడిన మందు చూడటానికి మంచి మందులాగే ఉంటుంది, వాసనా రాదు. ఒకవేళ పార్సిల్లో తెప్పించుకోవాలన్నా, సొంత వాడకానికి విదేశీ మందు దిగుమతికి మన రూల్స్‌లో ఫారం 12ఎలో దరఖాస్తు పెట్టుకుని 12బి పర్మిట్ తీసుకునే పద్ధతి ఉంది. ఇక్కడ దొరకని మందు కోసం అంత తిరిగితే అర్థముంది. గాజువాకలో దొరికేదానికి ఎందుకమ్మా?

మాటల్లో మాట, మీ ఆడపడుచు వాడుతున్నది కంపెనీ పెన్నేనా, కాంపౌండింగ్ ఫార్మసీలో, అంటే మందుల షాపులోనే, కలిపిచ్చిందా అని ఒకసారి అడగండి. కొరత ఉన్న రోజుల్లో అక్కడ అందుకు సడలింపు ఇవ్వడంతో చాలామంది అలా కలిపిన సీసాలు వాడారు. టిర్జెపటైడ్ కొరత తీరిందని 2024 డిసెంబరులో, సెమాగ్లూటైడ్‌ది తీరిందని 2025 ఫిబ్రవరిలో వాళ్ల మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. ఆ తరవాత ఆ సడలింపు ఎత్తేశారు. ఆవిడకీ పనికొస్తుంది ఈ సమాచారం.

సరే, ఏం చెయ్యాలి? జనరల్ మెడిసిన్ ఎండీని గానీ, హార్మోన్ల డాక్టరైన ఎండోక్రైనాలజిస్టును గానీ కలవండి. ఈ మందులకు అనుమతి ఇచ్చేటప్పుడే వాళ్లు రాయాలని షరతు పెట్టారు. చర్మం క్లినిక్కుల్లో, స్లిమ్మింగ్ సెంటర్లలో "మా దగ్గర కూడా ఉంది" అంటే అక్కడ రాసేది ఎవరో, వాళ్ల డిగ్రీ ఏమిటో అడగండి. మీకు విశాఖ దగ్గరే. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, ఓపీలో చూపించుకోవచ్చు. మందు బయట కొనుక్కోవాల్సి రావచ్చు గానీ సలహాకి ఖర్చుండదు. వీడియో కాల్‌లో చూపించుకోవడమూ చట్టబద్ధమే, 2020లో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అందుకే. అయితే అవతల నిజంగా డాక్టరు ఉండాలి, చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. యాప్‌లో పది ప్రశ్నలకు టిక్కులు పెట్టగానే మందు ఇంటికొచ్చేస్తే దాన్ని వైద్యం అనరు. నన్నడిగితే మొదటిసారి మనిషి ఎదురుగా కూర్చోండి. మీ బీపీ కోసమైనా. చెయ్యి లావుగా ఉంటే పెద్ద పట్టీ వెయ్యమని అడగండి. చిన్న పట్టీ వేస్తే లేని బీపీ కూడా చూపిస్తుంది. మీ 140లో పది అంకెలు పట్టీవే అయినా ఆశ్చర్యపోను.

అక్కడ దాచకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది థైరాయిడ్. "నాకు థైరాయిడ్ ఉంది, ఈ ఇంజెక్షన్ పడదట" అని వారానికి ఇద్దరైనా నాతో అంటారు. పడనిది మామూలు థైరాయిడ్‌కి కాదు. మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అనే అరుదైన రకం మీకు గానీ మీ రక్తసంబంధీకులకు గానీ ఉంటే, లేదా మెన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉంటే ఈ మందు జోలికే వెళ్లకూడదు. మీలా పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకునే లక్షల మందికి ఆ అడ్డు లేదు. బరువు తగ్గేకొద్దీ ఆ మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష మళ్లీ చేయించుకోవాలి, అంతే. రెండోది క్లోమం వాచిందా, పిత్తాశయంలో రాళ్లున్నాయా అన్నది. త్వరగా బరువు తగ్గితే రాళ్లు పడతాయి, మందు వల్లా పడొచ్చు. మూడోది పిల్లల సంగతి. ఇంకా కనాలనుకుంటే సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి టిర్జెపటైడ్ మొదలుపెట్టిన నాలుగు వారాలూ, మోతాదు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలూ ఆ మాత్రను పూర్తిగా నమ్మడానికి లేదు, వేరే జాగ్రత్త కూడా ఉండాలి. మీకు ఆపరేషన్ అయిపోయి ఉంటే ఈ మాట వదిలెయ్యండి.

చీటీ చేతికొచ్చాక లైసెన్సున్న షాపులో కొనండి. ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నాడా, బల్ల కింద నుంచి తీస్తున్నాడా చూడండి. పెట్టె మీద ఎర్ర గీత, ఆర్‌ఎక్స్ గుర్తు, డాక్టరు చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక ఉండాలి. ఇది షెడ్యూల్ హెచ్ మందు. బిల్లులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాయించుకోండి, పెట్టె మీది నంబరుతో సరిచూసుకోండి. లేబుల్ మీద లేబుల్ అంటించి ఉంటే తీసుకోకండి. అనుమానం వస్తే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చెయ్యండి. బిల్లు ఉంటే ఆ ఫిర్యాదుకి కాళ్లుంటాయి.

డబ్బు గురించి దాచి లాభం లేదు. మౌంజారో వచ్చిన కొత్తలో 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు. వారానికొకటి చొప్పున రెండో నెల నుంచే 17,500. సెమాగ్లూటైడ్ పేటెంటు 2026 మార్చిలో ముగిసింది, మన కంపెనీల మందులు రావడంతో ఖర్చు దిగింది. అందుకే మీ డాక్టరుతో మొదటి రోజే "నెలకి నేను ఇంత పెట్టగలను" అని చెప్పండి. మధ్యలో డబ్బులు లేక మానేసి, రెండు నెలల తరవాత ఆపిన మోతాదు దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ బాధ పడతారు. మానేస్తే ఎక్కడి నుంచి ఎక్కాలో డాక్టరే చెప్పాలి. ఒకటి మాత్రం సంతోషంగా చెప్తాను, ధర దిగాక జిమ్ వాళ్ల దగ్గర కొనడానికి మిగిలిన ఆ ఒక్క సాకూ పోయింది.

మోతాదు మెట్లెక్కినట్టు ఎక్కాలి. సెమాగ్లూటైడ్ అయితే నాలుగు వారాలు 0.25 మిల్లీగ్రాములు, తరవాత నాలుగు 0.5, అలా 2.4 దాకా. ఆ మొదటి నెల మోతాదు బరువు తగ్గించడానికి కాదు, కడుపుని అలవాటు చెయ్యడానికి. "నెలైంది డాక్టరు గారూ, కిలో కూడా తగ్గలేదు" అని వచ్చేవాళ్లకి నేను ఇదే చెప్తాను. వికారం, మలబద్ధకం చాలామందికి ఉంటాయి. మందు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, అందుకని సాయంత్రం తిన్న మిరపకాయ బజ్జీ రాత్రంతా గొంతులోనే ఉన్నట్టుంటుంది. కొంచెం కొంచెంగా తినండి. ఆకలి లేదు కదా అని పాలు పోసుకున్న టీతో రోజు గడిపేస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. పెసరట్టు, గుడ్డు, చేప, గట్టి పప్పు ముందు తినండి, అన్నం తరవాత. మందు వాడుతున్నా వాకింగ్ చాలదు, బరువులెత్తే వ్యాయామం చెయ్యండి. దానికి మీ ట్రైనర్ బాగా పనికొస్తాడు, అతని పని అదే కదా. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, ఆగని వాంతులు, ఉన్నట్టుండి ఒక కంటి చూపు మసకబారడం – వీటిలో ఏది వచ్చినా తరవాతి ఇంజెక్షన్ వెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఏదైనా ఆపరేషన్‌కి వెళ్తే మత్తు డాక్టరుకి ఈ మందు పేరు తప్పకుండా చెప్పండి.

ఎంత తగ్గుతారు? షుగర్ లేని 1,961 మంది మీద సెమాగ్లూటైడ్ 2.4 పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. 68 వారాల్లో సగటున బరువులో 14.9 శాతం తగ్గారు. మందు లేని ఉత్త సూది వేసుకున్నవాళ్లు 2.4 శాతం. మీ 84లో 15 శాతం అంటే పన్నెండు కిలోల పైచిలుకు, అదీ ఏడాదిన్నర దగ్గర్లో. సగటు అంటున్నాను, మీకు ఐదూ రావచ్చు, ఇరవయ్యీ రావచ్చు. అదే పరీక్షలో మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. కాబట్టి ఇది పెళ్లికి ముందు మూడు నెలల కోర్సు కాదు. బీపీ మందులాగా చాలాకాలం నడిచే వైద్యం. ఈ మాట వినగానే కొంతమంది వద్దనుకుని వెళ్లిపోతారు. అదీ మంచి నిర్ణయమే, తెలిసి తీసుకున్నారు కదా.

58 కిలోలుండి చెల్లెలి పెళ్లికి 52 అవ్వాలని రాసే అమ్మాయిలు కూడా ఈ పేజీ చదువుతారు, వాళ్లకి ఒక మాట. పై లెక్కలో మీరు లేరు. మన దేశస్థులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని హద్దులు కిందికి దింపిన మాట నిజమే, కానీ మందు పెట్టె మీద ఉన్నది 30, 27 అంకెలే. అలాగే "నాటు మూలికల పొడి, నెలకి ఎనిమిది కిలోలు, తగ్గకపోతే డబ్బు వాపస్" అనే ప్రకటనలు. ఊబకాయం తగ్గిస్తామని ఇలా ప్రచారం చెయ్యడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి పొడుల్లో సిబుట్రమిన్ కలిపి పట్టుబడ్డ ఉదంతాలున్నాయి. గుండెకి ముప్పని మన దేశం 2011లో నిషేధించిన మందది.

మీవారి సంగతి చివరికి ఉంచాను. మీరు దాచాలనుకున్నా దాచలేరమ్మా. ఈ మందు ఉండాల్సింది ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన. అర్ధరాత్రి మీకు వాంతులైతే బండి తియ్యాల్సిందీ ఆయనే, ఏం వేసుకున్నావని డాక్టరు అడిగితే చెప్పాల్సిందీ ఆయనే. "తిండి తగ్గించుకుంటే చాలదా" అని ఆయన అనొచ్చు. ఏడాది వాకింగ్, నాలుగు కిలోలు, ఐదు కిలోల లెక్క ఆయనకీ తెలుసుగా. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు ఆయన్నీ తీసుకెళ్లండి, పాత రిపోర్టులూ, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలూ సంచిలో పెట్టుకోండి. ఎలాగూ వెళ్లారు కాబట్టి ఆయన బీపీ కూడా చూపించండి.